పరాంగ్ లా దారికి 25 కిలోల బ్యాగు: ఏం తీసెయ్యాలి, ఏం ఉంచాలి?

గాజువాక_కుర్రోడు | నవంబర్ 9, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, వయసు 31, బరువు 64 కిలోలు.

వచ్చే ఆగస్టు ఆఖర్లో నేనూ మా బావా స్పితిలోని కిబ్బర్ నుంచి పరాంగ్ లా కనుమ దాటి, లద్దాఖ్‌లో సో మొరీరీ ఒడ్డున ఉన్న కర్జోక్ దాకా నడవాలని అనుకుంటున్నాం. గుర్రాలు లేవు, గైడు లేడు. మా సామాను మేమే మోసుకుంటాం. అనుభవం అంటారా, యూత్ హాస్టల్స్ వాళ్ళతో ఒకసారి సర్ పాస్ వెళ్ళాను. అరకు, పాడేరు వైపు కొండలు బోలెడు ఎక్కాను.

నిన్న సామానంతా హాల్లో పరిచి లగేజీ కాటాకి వేలాడదీశాను. బ్యాగు ఒక్కటే 2.4 కిలోలు. ఇద్దరు పట్టే టెంట్ 3.1, స్లీపింగ్ బ్యాగ్ 1.9, ఫోమ్ మ్యాట్ 400 గ్రాములు, స్టవ్వూ గిన్నెలూ గ్యాసూ కలిపి 1.3, బట్టలు మూడున్నర, కెమెరా ట్రైపాడ్ 2.6, పవర్ బ్యాంకులు 900 గ్రాములు, మందులు 600. ఎనిమిది రోజుల తిండి ఆరు కిలోల 400, నీళ్ళు రెండు లీటర్లు. మొత్తం 25 కిలోల 100 గ్రాములు తేలింది. భుజానికి వేసుకుని మూడంతస్తులు ఎక్కేసరికి మా ఆవిడ నవ్వి లోపలికి పోయింది.

ఏం తీసెయ్యమంటారు? టెంట్ ఆఫర్‌లో కొనేశాను, దాన్ని మాత్రం తిట్టకండి.

తేలికసంచి | నవంబర్ 10, ఉదయం 8:15

స్వాగతం బ్రో. 25 కిలోలంటే ట్రెక్కింగ్ కాదు, పోర్టులో మూటలు మొయ్యడం.

బట్టలు మూడున్నర కిలోలు అన్నారంటే అందులో జీన్స్ ఉండే ఉంటుంది. తీసి బీరువాలో పడెయ్యండి. ట్రైపాడ్ ఇంట్లో వదిలెయ్యండి. సామాను తగ్గితే 65 లీటర్ల బ్యాగు అక్కర్లేదు, కిలో లోపు బరువుండే 45 లీటర్లది చాలు. టెంట్‌ని తిట్టొద్దన్నారు కాబట్టి తిట్టను. కానీ చేతికర్రలనే స్తంభాలుగా నిలబెట్టుకునే టెంట్లు కిలో బరువులోనే వస్తాయి. స్టవ్ కూడా మానెయ్యొచ్చు. అటుకులు నానబెట్టుకుంటే తిండే. బరువైన బూట్లకి బదులు కొండదారుల్లో పరిగెత్తేవాళ్ళు వేసుకునే షూ తీసుకోండి, తడిసినా తొందరగా ఆరతాయి.

నేను కశ్మీర్ గ్రేట్ లేక్స్ దారి, సోనమర్గ్ నుంచి నారానాగ్ దాకా, తిండీ నీళ్ళూ కాకుండా 6.2 కిలోలతో నడిచాను. వీపు తేలిగ్గా ఉంటే కాలు తడబడదు. చీకటి పడకముందే క్యాంపుకి చేరతాం. అదీ భద్రతేగా.

సింహాచలం_మెట్లు | నవంబర్ 10, రాత్రి 9:02

తమ్ముడూ, బరువు సంగతి తర్వాత చూద్దాం. ముందు దారి సంగతి.

పరాంగ్ లా ఎత్తు సుమారు 5,580 మీటర్లు. కిబ్బర్ దాటి దుమ్లా పచ్చిక బయళ్ళు వెనకబడ్డాక సో మొరీరీ దాకా ఊరనేది లేదు. కనుమకి అవతల వైపు మంచునది. దాని కిందనుంచి వచ్చే ‘పారే చూ’ అనే నది వెంబడే రోజుల తరబడి నడక. ఆ నీళ్ళు పొద్దున్నే మోకాలి లోపు ఉంటాయి, ఎండకి మంచు కరిగాక సాయంత్రానికి తొడల దాకా వస్తాయి. నాలుగో రోజున మీ బావకి మడమ మడత పడిందనుకో. వెనక్కెళ్ళాలంటే కనుమ ఎక్కాలి, ముందుకెళ్ళాలంటే మూడు రోజులు పడుతుంది. ఫోను పలకదు. సర్ పాస్‌లో గుడారం వాళ్ళది, వంట వాళ్ళది, దారి చూపించినవాడు వాళ్ళ మనిషి. దాన్ని చిన్నచూపు చూడ్డం లేదు, నేనూ అక్కడే మొదలెట్టాను. కానీ ఆ అనుభవంతో ఏకంగా పరాంగ్ లాకి, అదీ ఒంటరిగా వెళ్తానంటే నేను ఒప్పుకోను.

లద్దాఖ్‌లోనే ఉన్న మర్ఖా లోయకి వెళ్ళు. గండా లా దగ్గర ఒకసారి, కోంగ్‌మారు లా దగ్గర ఒకసారి, దాదాపు ఐదు వేల మీటర్లూ ఆపైనా చూస్తావు. మధ్యలో రుంబక్, స్కియు, మర్ఖా, హంకర్ ఊళ్ళున్నాయి. రాత్రికి ఇంట్లో పడుకోనిచ్చి అన్నం పెడతారు. ఏదైనా తేడా వస్తే మనిషి దొరుకుతాడు.

ఇక టెంట్ మాట. 2017 సెప్టెంబరులో ఆ మర్ఖా దారిలోనే, నిమాలింగ్‌లో ఒక రాత్రి గడిపాను. ఎత్తు 4,800 మీటర్ల దరిదాపు, చుట్టూ చెట్టు కాదు కదా పొద కూడా లేని మైదానం, ఎదురుగా కాంగ్ యాత్సే శిఖరం. మాది చవగ్గా కొన్న గుమ్మటం టెంట్. పైన కప్పే ఫ్లై నేలకి జానెడు పైనే ఆగిపోయే రకం. మధ్యాహ్నం ఎండకి చొక్కా విప్పి కూర్చున్నాం. సాయంత్రం ఏడింటికి గాలి మొదలైంది. ఆ జానెడు సందులోంచి దూరి లోపలి టెంట్‌ని బుడగలా ఉబ్బించింది. దుమ్ము నోట్లోకి, ముక్కులోకి. ఒంటిగంటకి స్తంభం ఫట్‌మని విరిగింది. విరిగిన ముక్క గుడ్డని చీల్చింది. స్లీపింగ్ బ్యాగులు చంకలో పెట్టుకుని టీ అమ్మే పారాచ్యూట్ గుడారంలోకి పరిగెత్తాం. అక్కడి ముసలావిడ ఒక్క మాట అడక్కుండా జరిగి చోటిచ్చింది.

అదే పరాంగ్ లా అయితే ఆ ముసలావిడ ఉండదు.

గాజువాక_కుర్రోడు | నవంబర్ 10, రాత్రి 11:55

సార్, హుద్‌హుద్‌ని చూసినోళ్ళం. గాలికి భయపడతామా?

సింహాచలం_మెట్లు | నవంబర్ 11, ఉదయం 6:10

2014 అక్టోబర్ 12న నువ్వు గోడల మధ్య ఉన్నావు తమ్ముడూ. నేనూ అంతే, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. అక్కడ వీపు ఆనించడానికి తలుపుండదు, జిప్పే.

ఇంకోటి. మన గాలి వెచ్చటిది. అక్కడ సున్నా డిగ్రీల్లో గంటకి 40 కిలోమీటర్ల గాలి కొడితే ఒంటికి మైనస్ 7లా తగులుతుంది. ఒంటి మీద బట్ట తడిగా ఉంటే ఇంకా దారుణం.

తేలికసంచి | నవంబర్ 11, మధ్యాహ్నం 1:20

మెట్లు గారూ, మీ టెంట్ విరిగింది తేలిక కాబట్టి కాదు, చవక కాబట్టి. రెండూ ఒకటి కాదు. మంచి తేలిక టెంట్ ఫ్లై నేలదాకా దిగుతుంది, తాళ్ళు బిగిస్తే కదలదు. అయినా బరువైన సామానుతో రోజుకి పది గంటలు నడిచేవాడు ఎంతసేపు గాలిలో ఉంటాడో, ఆరు గంటల్లో చేరేవాడు ఎంతసేపు ఉంటాడో మీరే లెక్కెయ్యండి.

సముద్రపిల్ల | నవంబర్ 11, రాత్రి 10:30

ఇద్దరూ టెంట్ దగ్గరే ఆగిపోయారు. చలి పట్టేది కిందనుంచి. కుర్రోడు గారి లిస్టులో నన్ను భయపెట్టింది ఆ 400 గ్రాముల ఫోమ్ మ్యాట్.

స్లీపింగ్ బ్యాగు ఎంత మందంగా ఉన్నా మన బరువు కింద అది అట్ల రేకులా నలిగిపోతుంది. వీపు కింద వెచ్చదనం ఇచ్చేది మ్యాటే. నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఉంటుంది, ఆర్ విలువ అంటారు. మామూలు ఫోమ్ షీటుకి 2 దరిదాపు. సెప్టెంబరులో నిమాలింగ్‌ లాంటి చోటికి 4 ఉండాలని నా లెక్క. గాలి నింపే మ్యాటు కొంటే సరే. డబ్బులు లేవంటే రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేసుకోండి, విలువలు కూడతాయి. నేను ఇప్పటికీ గాలి మ్యాటు కింద పలచటి ఫోమ్ ఒకటి వేస్తాను. గాలి మ్యాటుకి రాత్రి రెండింటికి చిల్లు పడితే నేల మీద పడుకోవాల్సి వస్తుందని.

బ్యాగు మీద రాసే డిగ్రీల గురించి కూడా ఒక మాట. పెద్దక్షరాలతో మైనస్ 10 అనో 15 అనో ఉంటుంది. లోపల కుట్టిన చిన్న చీటీ చూడండి. దాని మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలుంటాయి. కంఫర్ట్ అనేది సగటు ఆడమనిషిని, లిమిట్ అనేది సగటు మగమనిషిని లెక్కలోకి తీసుకుని పెట్టినవి. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం దక్కించుకోవడం, నిద్ర కాదు. నాకు చలెక్కువ కాబట్టి కంఫర్టే చూస్తాను. సముద్రం పక్కన పుట్టిన మగవాళ్ళు కూడా అదే చూసుకుంటే పరువేం పోదు.

మీది మైనస్ 5 అనుకుని కొన్నారా? చీటీ ఫొటో పెట్టండి.

గాజువాక_కుర్రోడు | నవంబర్ 12, ఉదయం 7:05

మేడమ్, చీటీ చూశాను. కంఫర్ట్ 5, లిమిట్ 0, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 15. పెట్టె మీద మాత్రం పెద్దగా మైనస్ 15 అని ఉంది. ఫొటో పెట్టాలంటే సిగ్గేస్తోంది.

చికాకోల్_చిన్నోడు | నవంబర్ 12, రాత్రి 8:44

బరువుల గొడవలో బూట్ల వయసు సంగతి ఎవులూ ఎత్తలేదు. నా కత ఇనండి.

ఐదేళ్ళ కిందట మంచి బూట్లు కొన్నాను. రెండుసార్లు ఏసి అటక మీద పెట్టినాను. మొన్న హంప్తా పాస్ ఎల్లినప్పుడు తీసి తుడిచి ఏసుకున్నాను, కొత్తవాటిలాగే ఉన్నాయి. రెండో రోజు బాలూ కా ఘేరా దగ్గర కుడి కాలికి చల్లగా తగిలింది. చూస్తే అడుగు ఊడిపోయి నోరు తెరుచుకుని నవ్వుతోంది. గంట తరవాత ఎడమదీ అంతే. టెంట్ తాడు కోసి కట్టుకున్నాను. కనుమ మీద మంచులో ఆ తాళ్ళతోనే నడిచినాను. గైడు కుర్రోడు నా ఎనకాలే ఎదవ నవ్వు నవ్వుకుంటా వచ్చినాడు.

కొత్త బూట్లే కదా అనుకోవద్దు. ఇంట్లో ఎన్నాళ్ళు ఉన్నాయో చూసుకోండి.

బర్నర్_బాబు | నవంబర్ 13, ఉదయం 6:50

చిన్నోడు చెప్పింది దురదృష్టం కాదు, రసాయనం. ఆ బూట్ల అడుగుపొర పాలీయురెథేన్ నురుగు. గాల్లో తేమకి అది నెమ్మదిగా విడిపోతుంది. వాడకుండా పెడితే ఇంకా తొందరగా పోతుంది. మన ఊరి గాలిలో ఆ పని ఇంకా జోరుగా జరుగుతుంది. టెంట్ ఫ్లై లోపలి పూతా చాలావాటికి అదే సరుకు. రెండు వానాకాలాలు తడిగా మడిచి పెడితే జిగురు జిగురుగా అయి, విప్పగానే పిల్లాడు పాలు కక్కిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఇక నీళ్ళు ఆపదు. ఆఫర్‌లో కొన్నాను అన్నారు కదా కుర్రోడు గారూ, ఇప్పుడే విప్పి వాసన చూడండి.

గ్యాస్ విషయం. రిఫైనరీలో పనిచేసేవాడిని, ఇది నేను చెప్పకపోతే ఎలా. మన దగ్గర బల్లమీద స్టవ్‌లకి దొరికే పొడుగు డబ్బాలో ఉండేది ఎక్కువగా బ్యూటేన్. సముద్రమట్టం దగ్గర అది మైనస్ అర డిగ్రీకే మరుగుతుంది, అంతకంటే చల్లబడితే ద్రవంగా కూర్చుంటుంది, మంట రాదు. అందుకే చలి దేశాల డబ్బాల్లో ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలుపుతారు. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. నిమాలింగ్ ఎత్తులో గాలి పీడనం ఇక్కడి దాంట్లో సగానికి కొంచెం పైన. పీడనం తగ్గితే బ్యూటేన్ మరిగే చోటు కూడా సుమారు మైనస్ 16కి దిగిపోతుంది. అంటే ఎత్తు మనకి సాయమే చేస్తోంది. మరి స్టవ్ ఎందుకు నీరసిస్తుందంటే, ద్రవం ఆవిరయ్యేటప్పుడు డబ్బా వేడిని తనే లాగేసుకుంటుంది, బయటి గాలి కంటే డబ్బా ఇంకా చల్లబడుతుంది. రాత్రి డబ్బాని స్లీపింగ్ బ్యాగులో కాళ్ళ దగ్గర పెట్టుకోండి. వాడేటప్పుడు గిన్నెలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి అందులో నిలబెట్టండి.

డబ్బాలు విమానంలో గానీ రైల్లో గానీ తీసుకెళ్ళకూడదు. మరతో బిగించే రకం లేహ్‌లో, మనాలిలో దొరుకుతుంది. స్టవ్ కూడా ఆ మరకి సరిపోయేదే కొనుక్కోండి.

డాక్టరమ్మ | నవంబర్ 13, రాత్రి 10:15

అందరూ సామాను గురించే మాట్లాడుతున్నారు, ఊపిరితిత్తుల గురించి ఎవరూ అడగలేదు.

కొండలు బాగా ఎక్కేవాళ్ళకి ఎత్తు జబ్బు రాదనుకోవడం తప్పు. ఒళ్ళు గట్టిగా ఉన్న కుర్రాళ్ళే గబగబా ఎక్కేసి ముందు పడిపోతారు. ఐదు వేల మీటర్ల దగ్గర ప్రతి శ్వాసకీ దొరికే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో సగం పైచిలుకే. మూడు వేలు దాటాక నిద్రపోయే చోటు రోజుకి 500 మీటర్ల కంటే పెంచకండి. మూడు నాలుగు రోజులకోసారి అదే చోట ఆగండి. విమానంలో లేహ్‌కి దిగితే వైజాగ్ ఇసుక మీదనుంచి నేరుగా 3,500 మీటర్లు. రెండు రోజులు గదిలో పడుకోండి, బజారు కూడా తిరక్కండి. స్పితి వైపైతే మనాలి నుంచి కాకుండా సిమ్లా, కిన్నౌర్ మీదుగా వెళ్తే ఎత్తు నెమ్మదిగా అలవాటవుతుంది.

తలనొప్పి, వాంతి, ఆకలి చచ్చిపోవడం వస్తే అక్కడే ఆగాలి. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు తగ్గకపోవడం, గీత గీసి దాని మీద నడవమంటే తూలడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు, అప్పటికప్పుడే దింపండి. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ అనే మాత్ర చాలామంది ముందుగానే 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు వేసుకుంటారు. సల్ఫా మందులు పడనివాళ్ళు మాత్రం ముందు డాక్టర్ని కలవాలి. వేళ్ళు జివ్వుమంటాయి, గోలీసోడా చప్పగా అనిపిస్తుంది. కంగారు పడకండి, అది మందు గుణం.

గాజువాక_కుర్రోడు | నవంబర్ 14, సాయంత్రం 5:30

టెంట్ విప్పి వాసన చూశాను. బానే ఉంది. బావతో మాట్లాడాను. పరాంగ్ లా పక్కన పెట్టాం, మర్ఖా ఖాయం. బావ మొదట ఒప్పుకోలేదు, "అందరూ ఎల్లేదే కదా" అన్నాడు. చిన్నోడు గారి బూట్ల కథ చదివి వినిపించాను.

తిండి ఏం తీసుకెళ్ళమంటారు? ఊళ్ళలో భోజనం దొరికినా మధ్యలో నాలుగు రోజులకి కావాలి.

సముద్రపిల్ల | నవంబర్ 14, రాత్రి 9:12

బియ్యం, కందిపప్పు మర్చిపోండి. 4,800 మీటర్ల దగ్గర నీళ్ళు 84 డిగ్రీలకే మరిగిపోతాయి. పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకే. నేను తీసుకెళ్ళేది: వేయించిన ఉప్మా రవ్వ పోపుతో సహా, పేపరు అటుకులు, చింతపండు పులిహోర పేస్టు, పుట్నాల పొడి, చిన్న సీసా నెయ్యి, నువ్వుండలు. ఎత్తుకి వెళ్ళాక తీపి మొహం మొత్తుతుంది, పులుపూ కారమూ ఉంటే నోరు ఒప్పుకుంటుంది. ఆవకాయ సీసా మోసేవాళ్ళని చూశాను. నవ్వాను. తర్వాత అడిగి వేయించుకున్నాను.

చికాకోల్_చిన్నోడు | నవంబర్ 14, రాత్రి 9:40

సీసా కాదండీ, ప్లాస్టిక్ డబ్బా. మూత కింద కవరు ఏసి బిగించండి. నూనె కారిందంటే స్లీపింగ్ బ్యాగంతా ఆవకాయే.

గాజువాక_కుర్రోడు | జనవరి 6, ఉదయం 10:20

లంబసింగి వెళ్ళొచ్చాం. మెట్లు గారు ఫోన్‌లో చెప్పినట్టు సామాను మొత్తం ఒక చలి రాత్రి పరీక్షించాం. పాత స్లీపింగ్ బ్యాగుతోనే పడుకున్నాను. రెండింటికి లేచి ఉన్న బట్టలన్నీ వేసుకున్నాను. మూడింటికి బావని లేపి కబుర్లు చెప్పాను. అది మైనస్ కూడా కాదు!

ఇంకో సంగతి. తెల్లారేసరికి ఫ్లై లోపలివైపు నీళ్ళు కారుతున్నాయి. వాన పడలేదు. టెంట్ కారుతోందా?

తేలికసంచి | జనవరి 6, ఉదయం 11:05

కారడం కాదు, మీ ఇద్దరి ఊపిరే. రాత్రంతా వదిలిన ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీరవుతుంది. చలేస్తుందని గాలి కిటికీలు మూసేసి ఉంటారు. పైన రెండు కిటికీలూ తెరిచే ఉంచండి. స్లీపింగ్ బ్యాగు కాళ్ళవైపు గుడ్డకి తగలకుండా చూసుకోండి.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. గ్రేట్ లేక్స్‌లో గడ్సర్ దగ్గర నాకూ ఇదే జరిగింది. నాది ఒకే పొర టెంట్. వాన రెండు రోజులు వదల్లేదు. ఈకలు నింపిన బ్యాగు కాళ్ళ దగ్గర తడిసి ముద్దయింది, తడిస్తే ఈకలు ఉండకట్టి పనికిరావు. మూడో రోజు ఎండ రాకపోతే దిగిపోయేవాడిని. 6.2 కిలోలని గొప్పగా చెప్పాను గానీ ఈ ముక్క చెప్పలేదు.

సింహాచలం_మెట్లు | జనవరి 6, రాత్రి 8:30

ఇప్పుడు చెప్పావు, చాలు. బరువు తగ్గించుకోమని నేనూ అంటాను. పడుకునే మూడింట్లో, అంటే టెంట్, మ్యాటు, బ్యాగులో కోసుకోవద్దని నా గోల. కుర్రోడూ, కొత్త బ్యాగు కొంటే సంచిలో కుక్కి దాచకు. ఇంట్లో పెద్ద దిండు గలీబులో వదులుగా పెట్టి, ఎండ వచ్చినప్పుడల్లా నీడలో ఆరెయ్యి. మన తేమకి బూజు పడుతుంది.

గాజువాక_కుర్రోడు | జూన్ 3, సాయంత్రం 6:00

కొత్త లిస్టు. కంఫర్ట్ మైనస్ 6 ఉన్న ఈకల బ్యాగు 1.3 కిలోలు. గాలి మ్యాటు, కింద పాత ఫోమ్. టెంట్ అదే, బావా నేనూ సగం సగం మోస్తాం. జీన్స్, ట్రైపాడ్ ఔట్. తిండి నాలుగు రోజులకే. మొత్తం 14.6.

ఒక సందేహం. ఆఫీసులో ఒకతను శాటిలైట్ మెసేజ్ పంపే చిన్న పరికరం ఇస్తానంటున్నాడు, విదేశంలో కొన్నదట. తీసుకోనా?

బర్నర్_బాబు | జూన్ 3, సాయంత్రం 6:25

వద్దు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి పరికరాలు వాడకూడదు. సరిహద్దు ప్రాంతంలో దొరికితే కేసే. ఇంకోటి, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యదు. పోస్ట్‌పెయిడ్‌కి మారండి. లోయలోకి దిగాక దాన్నీ నమ్ముకోకండి. ఏ రోజు ఎక్కడుంటారో, ఏ తేదీ దాటితే వెతకాలో ఇంట్లో కాగితం మీద రాసిచ్చి వెళ్ళండి.

గాజువాక_కుర్రోడు | ఆషాఢ పౌర్ణమి మర్నాడు, మధ్యాహ్నం 3:15

సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ ఇదే బ్యాగుతో చేశాను. 32 కిలోమీటర్లు, వీపు మీద 14 కిలోలు. హనుమంతవాక దగ్గర ఒక పెద్దాయన "ఏటి బాబూ, మొక్కా?" అని అడిగారు. అవునన్నాను. మజ్జిగ రెండు గ్లాసులిచ్చారు. ఎడమ మడమ మీద బొబ్బ. సాక్సు మార్చాలి.

గాజువాక_కుర్రోడు | సెప్టెంబర్ 14, రాత్రి 10:50

వచ్చేశాం. ఇద్దరం క్షేమం.

లేహ్‌లో మూడు రాత్రులున్నాం. రుంబక్‌లో బావకి తలనొప్పి మొదలైంది, అన్నం వద్దన్నాడు. డాక్టరమ్మ గారి మాట గుర్తొచ్చి ఇంకో రాత్రి అక్కడే ఆగాం. ఆ ఇంటావిడ వేడి నీళ్ళూ తుక్పా ఇచ్చి మాతో భాష లేకుండానే కబుర్లు చెప్పింది. మర్నాటికి బావ మామూలుగా అయ్యాడు. లేకపోతే గండా లా ఎక్కేవాళ్ళం కాదు.

మర్ఖా నది రెండు చోట్ల దాటాం. పొద్దున్న ఏడింటికి, నడుం బెల్టు విప్పేసి, బూట్లతోనే. నీళ్ళు కాదవి, కత్తులు. తేలికసంచి గారు చెప్పిన షూలు మధ్యాహ్నానికి ఆరిపోయాయి, అందులో ఆయనదే గెలుపు. బావ తోలు బూట్లు మూడు రోజులు ఆరలేదు.

నిమాలింగ్. నాలుగింటికి చేరాం, వడగళ్ళు. మెట్లు గారి ముసలావిడ గుడారం కోసం వెతికాను, టీ గుడారాలు రెండున్నాయి గానీ ఆవిడెవరో తెలీదు. టెంట్ సన్నటి కొసని గాలికి ఎదురు పెట్టాం. మేకులు గులకరాళ్ళలో దిగలేదు, తాళ్ళన్నీ రాళ్ళకి కట్టాం. రాత్రంతా ఫ్లై టపటపా కొట్టుకుంటూనే ఉంది. నిద్రపట్టింది రెండు గంటలే గానీ చలి వెయ్యలేదు. పొద్దున్న సీసాలో నీళ్ళ మీద మంచు పొర. టెంట్ నిలబడింది, కానీ ఒక మూల తాడు తెగిపోయి ఉంది. రాతి అంచు దాన్ని రాత్రంతా రంపంలా కోసింది. ఇంకో రెండు గంటలుంటే పక్కదీ పోయేది.

కోంగ్‌మారు లా మీద ఐదు నిమిషాలు కూడా నిలబడలేకపోయాం. ఫొటోలో ఇద్దరికీ కళ్ళు మూసుకునే ఉన్నాయి.

వాడనివి: పవర్ బ్యాంకు ఒకటి, మూడో టీషర్టు, సగం మందులు (ఇవి వాడకపోవడమే మంచిది). ఆవకాయ ఐదో రోజుకి అయిపోయింది.

సింహాచలం_మెట్లు | సెప్టెంబర్ 15, ఉదయం 6:20

సంతోషం తమ్ముడూ. తాడుని రాయికి నేరుగా చుట్టకూడదు. తాడు కొసన ఉచ్చు వేసి, అందులో జానెడు కర్ర ముక్క దూర్చి నేల మీద పడుకోబెట్టాలి. ఆ కర్రకి ఇవతల, తాడుకి రెండు పక్కలా బరువైన రాళ్ళు పెట్టాలి. తాడు లాగితే కర్ర వెళ్ళి రాళ్ళకి అడ్డం పడుతుంది, రాయి అంచు తాడుకి తగలదు. అక్కడ కర్ర దొరకదు కాబట్టి ఇక్కడినుంచే నాలుగు ముక్కలు తీసుకెళ్ళాలి. ముడి నేను ఫిషింగ్ హార్బర్లో ఒక జాలరి దగ్గర నేర్చుకున్నాను, తడిసినా జారదు, ఒక్క లాగుతో విడిపోతుంది. రాసి చెప్పడం నా వల్ల కాదు, వచ్చి చూడు.

తేలికసంచి | సెప్టెంబర్ 15, ఉదయం 9:00

ఆ నాలుగు కర్రముక్కలు ఎన్ని గ్రాములు సార్?

సింహాచలం_మెట్లు | సెప్టెంబర్ 15, ఉదయం 9:04

నీ పళ్ళ బ్రష్ పిడి కోసి పారేశావు కదా, దాంతో సరి.

చికాకోల్_చిన్నోడు | సెప్టెంబర్ 15, రాత్రి 8:10

కుర్రోడు గారూ, ఆ ఈకల బ్యాగు అక్టోబరులో ఒక పది రోజులు ఇస్తారా? నాది కూడా పెట్టె మీద మైనస్ 15 రకమే. కావాలంటే ఉతికించి ఇస్తాను.

సముద్రపిల్ల | సెప్టెంబర్ 15, రాత్రి 8:31

ఉతికించొద్దు, దండం పెడతాను! డ్రై క్లీనింగ్‌కి అసలే ఇవ్వకండి. లోపల లైనర్ గుడ్డ వేసుకుని పడుకోండి, ఆ గుడ్డ ఉతకండి చాలు.

గాజువాక_కుర్రోడు | సెప్టెంబర్ 15, రాత్రి 11:30

ఇస్తాను చిన్నోడు గారూ. ఈ వారం బి షిఫ్టు, ఆదివారం కూర్మన్నపాలెం వచ్చి తీసుకెళ్ళండి. బూట్లు మాత్రం కొత్తవి కొనుక్కోండి.